అందరితో కలిసి తినడానికి కొన్న ఇండక్షన్ స్టవ్: ఆరేళ్ళ అనుభవం

పెళ్ళయి బెంగళూరు వచ్చిన మొదటి తొమ్మిదేళ్ళలో, ఇంటికొచ్చిన చుట్టాలతో కలిసి కూర్చుని నేను వేడి పెసరట్టు తిన్న రోజు ఒక్కటి కూడా లేదు. పిండి రుబ్బింది నేను, అట్టు పోసింది నేను, అల్లప్పచ్చడి చేసింది నేను. తినడం మాత్రం అందరూ చేతులు కడుక్కున్నాక, మిగిలిన రెండు అట్లు ఒకదాని మీద ఒకటి వేసుకుని, వంటింటి గట్టు దగ్గర నిలబడి. అందుకే 2019 డిసెంబర్‌లో కొన్న ఈ స్టవ్ గురించి రాద్దామని కూర్చుంటే నాకు వాట్లు, బటన్లు గుర్తురావు. టేబుల్ దగ్గర నా కుర్చీ గుర్తొస్తుంది.

మాది గుంటూరు. ఉండేది మారతహళ్ళిలో. కొండవీడు ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా ప్రయాణం చేసి యశ్వంత్‌పూర్‌లో దిగి, అక్కణ్ణుంచి ట్రాఫిక్‌లో పడి మా ఇంటికి చేరేవాళ్ళు నెలకు ఒక జట్టయినా ఉంటారు. ఒకరు పిల్లాణ్ణి కాలేజీలో చేర్చడానికి, ఒకరు జయదేవ ఆసుపత్రిలో గుండె చూపించుకోవడానికి, ఇంకొకరు కొడుక్కి కొత్తగా ఉద్యోగం వస్తే గది చూసిపెట్టడానికి. వాళ్ళు రావడం నాకు నిజంగా ఇష్టం. పొద్దున్నే పిన్ని గొంతు ఇంట్లో వినిపిస్తే ఆ రోజంతా గుంటూరులో ఉన్నట్టే ఉంటుంది. కానీ మా ఫ్లాట్‌లో వంటిల్లు విడిగా, తలుపుతో ఉంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తే హాల్లో మాటలు వినపడవు, నవ్వులు మాత్రం వినపడతాయి. ఎందుకు నవ్వుతున్నారో అడుగుదామని అట్లకాడ పట్టుకుని గుమ్మం దాకా వెళ్తే ఈలోపు పెనం మీద అట్టు మాడేది.

ఆలోచన వచ్చింది మా పై అంతస్తులో ఉన్న జపాన్ ఆవిడ వల్ల. వాళ్ళాయన ఉద్యోగం మీద వచ్చి మూడేళ్ళు ఇక్కడ ఉన్నారు. మా అమ్మాయి, వాళ్ళ పెద్దబ్బాయి ఒకే స్కూలు బస్సు ఎక్కేవాళ్ళు, అలా పరిచయం. ఒక చలికాలం సాయంత్రం మమ్మల్ని భోజనానికి పిలిచారు. టేబుల్ మధ్యలో చిన్న గ్యాస్ పొయ్యి, దాని మీద మూతపెట్టిన మట్టికుండ. నాబె అంటారు. చలికాలంలో వాళ్ళ దేశంలో ఇంటిల్లిపాదీ ఒకే కుండ చుట్టూ కూర్చుని, ఉడికింది ఉడికినట్టే తీసుకుని తింటారట. మామూలుగా చేపతో చేసే చారు అది. మేం శాకాహారులమని ఆవిడ ఎండబెట్టిన సముద్రపు నాచు నానబెట్టి ఆ నీళ్ళతో కాచింది. క్యాబేజీ, పుట్టగొడుగులు, టోఫు తరిగి ఒక పళ్ళెంలో పక్కనే పెట్టుకుంది. నాకు ఆ పూట రుచి కంటే ఎక్కువగా గుర్తుండిపోయింది ఒకటే. ఆ గంటన్నరలో ఆవిడ ఒక్కసారి కూడా లేవలేదు. వండుతూనే ఉంది, తింటూనే ఉంది, మా అమ్మాయితో మాట్లాడుతూనే ఉంది. ఆ రాత్రి ఇంటికొచ్చి మా ఆయనతో అన్నాను, మన టేబుల్ మీద కూడా ఒక పొయ్యి ఉండాలి అని.

గ్యాస్ పొయ్యికి ధైర్యం చాల్లేదు. మా చిన్నాడికి అప్పుడు నాలుగేళ్ళు, టేబుల్ మీద మంటంటే మనసొప్పలేదు. అందుకే ఇండక్షన్. 2,800 రూపాయలు పెట్టి మామూలు రకమే తీసుకున్నాం. ఎన్ని బటన్లున్నాయి, టైమర్ ఎలా పెట్టాలి అనేవన్నీ డబ్బా మీదే ఉంటాయి కాబట్టి రాయను. నాకు కావలసిందల్లా అమ్మ ఇచ్చిన పాత ఇనుప పెనం దాని మీద పనిచేయడం. అయస్కాంతం అంటుకునే గిన్నెలే ఇండక్షన్ మీద వేడెక్కుతాయి కాబట్టి ఫ్రిజ్ తలుపు మీది అయస్కాంతం తీసి పెనం అడుగున పెడితే గట్టిగా పట్టుకుంది. అంతే, ఇంకేమీ చూడలేదు.

2020 సంక్రాంతికి పిన్ని, బాబాయి, వాళ్ళ పిల్లలు వచ్చారు. ముందురోజు రాత్రి పెసలు, గుప్పెడు బియ్యం నానబోశాను. పెసరట్టులో ఉన్న సుఖం అదే, పిండి పులవాల్సిన పని లేదు. డిసెంబర్, జనవరిల్లో బెంగళూరు చలికి దోసెల పిండి ఎంతకీ పొంగదు, పొంగుతుందో లేదోనని రాత్రంతా టెన్షన్. పెసరపిండికి ఆ బాధ లేదు. పొద్దున అల్లం, పచ్చిమిర్చి వేసి రుబ్బి, గిన్నెతో సహా తెచ్చి టేబుల్ మీద పెట్టుకున్నాను. ఉల్లిపాయ ముక్కలు ఒక గిన్నెలో, జీలకర్ర ఒక గిన్నెలో, నూనె గిన్నె పక్కన. సగం కోసిన ఉల్లిపాయతో పెనం రుద్దాను. పిండి పోసి గరిటె అడుగుతో మధ్యనుంచి చుట్టూ తిప్పుతుంటే పిల్లలంతా కుర్చీల మీద మోకాళ్ళేసి చూస్తున్నారు. ఉల్లిపాయలు చల్లి, అట్లకాడతో మెల్లగా నొక్కి, అంచుల వెంట నూనె చుక్కలు వేశాను. అల్లం వాసన హాలంతా కమ్ముకుంది.

పిన్ని ఎప్పుడొచ్చినా "నువ్వు కూడా కూర్చోవే" అంటూనే ఉండేది. నేను "వస్తున్నా పిన్నీ" అంటూనే ఉండేదాన్ని. ఆ రోజు ఆ మాట అనాల్సిన అవసరం రాలేదు. మొదటి అట్టు తీసి ఆమె కంచంలో వేస్తే, సగం చించి నా కంచంలో పెట్టింది. నేను తిన్నాను. పెనం మీదనుంచి దిగిన అట్టు నోట్లో పెట్టుకోవడం తొమ్మిదేళ్ళలో అదే మొదటిసారి. బాబాయి ఊరి పొలం గొడవ చెప్తున్నాడు, మొదటినుంచి చివరిదాకా విన్నాను.

ఆ ఫిబ్రవరిలో పైఅంతస్తు వాళ్ళను కూడా పిలిచాం. పిండిని టేబుల్ మీదే వేడి రేకు మీద పోసి కాల్చుకునే ఒకోనోమియాకి వాళ్ళకీ ఉంది కాబట్టి మా పద్ధతి వాళ్ళకు కొత్తగా అనిపించలేదు. అల్లప్పచ్చడి ఘాటుకు ఆవిడకు కళ్ళల్లో నీళ్ళు తిరిగినా మళ్ళీ అడిగి వేయించుకుంది. వాళ్ళబ్బాయి ఒక అట్టు తనే తిరగేస్తానన్నాడు. విరిగింది. విరిగిన ముక్కలన్నీ వాడే తిన్నాడు. తర్వాతి నెలలో లాక్‌డౌన్ వచ్చింది. విమానాలు మళ్ళీ తిరగడం మొదలయ్యాక వాళ్ళు సొంతూరు వెళ్ళిపోయారు.

ఇప్పుడు అది పాడైన రోజు సంగతి. 2022 దసరా సెలవులు. మా ఆయన ఆఫీసు స్నేహితులవి రెండు కుటుంబాలు, మా మరిది, తోడికోడలు, పిల్లలు, అందరం కలిసి పదకొండు మందిమి. నాలుగు అట్లు అయ్యాయి. ఐదోదానికి పిండి పోసి గరిటె తిప్పుతుండగా లోపల టప్‌మని పేలిన చప్పుడు. మెయిన్ ట్రిప్ అయి ఇల్లంతా కరెంటు పోయింది. కాలిన ప్లాస్టిక్ వాసన. మా మరిది గబగబా ప్లగ్ పీకేసి మెయిన్ వేస్తే లైట్లు వచ్చాయి, స్టవ్ మాత్రం రాలేదు. పెనం మీద పిండి అంచులు కాలి, మధ్యలో పచ్చిగా, జిగురుగా అలాగే ఉండిపోయింది.

పిండి గిన్నె, ఉల్లిపాయ గిన్నె, నూనె గిన్నె ఒక్కొక్కటీ ఎత్తుకుని మళ్ళీ వంటింట్లోకి వెళ్ళాను. ఎవరూ ఏమీ అనలేదు. పాపం, తోడికోడలు వెనకాలే సాయానికి వచ్చింది. నేను గ్యాస్ మీద పోస్తుంటే తను తీసుకెళ్ళి ఇస్తోంది. ఆ రోజు ఇద్దరం నిలబడే తిన్నాం. ఒక వస్తువు పాడైతే అంత కోపం ఎందుకొచ్చిందో అప్పుడు అర్థం కాలేదు కానీ, ఆ సాయంత్రం దాన్ని అటక మీదకు విసిరేసినంత పనిచేశాను.

వారంటీ ఏడాదే, ఎప్పుడో అయిపోయింది. కంపెనీ సర్వీసు వాళ్ళు మనిషిని పంపకుండా, వస్తువు చూడకుండా, బోర్డు మొత్తం మార్చాలి, 1,800 అవుతుంది అని ఫోన్లోనే తేల్చేశారు. కొన్న ధరలో మూడింట రెండు వంతులు ఖర్చు పెట్టడానికి నాకు చేతులు రాలేదు. మా ఆయన శనివారం పూట దాన్ని సంచిలో పెట్టి, ఎలక్ట్రానిక్ సామాన్ల కొట్లుండే ఎస్పీ రోడ్డుకు తీసుకెళ్దామన్నారు, నేనూ వెళ్ళాను. ఒక సందులో, రెండు బల్లలు పట్టేంత కొట్టు. అతను కన్నడలో మొదలుపెట్టి, నా కన్నడం విని, తెలుగులోకి దిగాడు. స్క్రూలు విప్పి మూత తీయగానే ముందు వాసన వచ్చింది. బోర్డు మీద నూనె జిడ్డూ దుమ్మూ కలిసి పసుపు పూతలా పట్టేసింది. ఆ జిడ్డులో రెండు అతుకుల మధ్య ఒక బొద్దింక, మాడిపోయి.

"రోజూ ప్లగ్గులోనే ఉంచుతారా అమ్మా?" అని అడిగాడు. ఉంచేదాన్ని. ప్లగ్గులో ఉంటే వాడకపోయినా లోపల కొంచెం వెచ్చగా ఉంటుంది, ఆ వెచ్చదనానికే బొద్దింకలు గాలి కంతల్లోంచి దూరతాయట. ఇంకో తప్పు నాది. అందంగా ఉంటుందని టేబుల్ మీద ప్లాస్టిక్ గుడ్డ పరిచి దాని మీద స్టవ్ పెట్టేదాన్ని. కింద ఫ్యాన్ గాలి లాగినప్పుడు ఆ గుడ్డ పైకి లేచి కంతలకు అతుక్కుంటుంది. లోపల చల్లబడాల్సింది చల్లబడదు. పోయిన భాగాన్ని వేళ్ళతో పట్టుకుని చూపించాడు. బొటనవేలి గోరంత నల్లటి ముక్క, మూడు కాళ్ళు, ఒక మూల పగిలి ఉంది. ఐజీబీటీ అంటారట. సెకనుకు ఇరవై వేల సార్లకు పైగా కరెంటును తెరుస్తూ మూస్తూ ఉండేది అదే. దాంతోపాటు బ్రిడ్జ్ రెక్టిఫయర్ (ఏసీ కరెంటును డీసీగా మార్చే ముక్క), ఫ్యూజు మార్చి, బోర్డు బ్రష్షుతో కడిగి, 650 తీసుకున్నాడు. అది జరిగి మూడేళ్ళు దాటింది, ఇప్పటిదాకా మళ్ళీ పాడవలేదు. ఇప్పుడు గుడ్డ తీసేసి కూర్చునే చెక్కపీట వేసి దాని మీద పెడుతున్నాను. పని అయ్యాక లోపలి ఫ్యాన్ ఆగేదాకా ఉంచి, ప్లగ్ తీసి, మూతున్న డబ్బాలో పెట్టి పడగ్గది బీరువా మీదకు ఎక్కిస్తున్నాను.

ఇంతవరకు చదివి అట్టు బ్రహ్మాండంగా వస్తుందనుకుంటారేమో, ఆ మాట నేను అనలేను. స్టవ్ అద్దం కింద ఉండి పెనాన్ని వేడెక్కించే తీగచుట్ట జానెడు కూడా ఉండదు. నా పెనం దానికంటే చాలా పెద్దది. మధ్యలో ఎర్రగా కాలేసరికి అంచులు పాలిపోయి మెత్తగానే ఉంటాయి. గ్యాస్ మీద వచ్చే కరకర అంచు దీనిమీద నాకు రాలేదు. పెనాన్ని ముందు తక్కువలో ఐదారు నిమిషాలు కాగనిచ్చి, తర్వాత పెంచి, అట్టును కంచమంత కాకుండా సాసరుకు కొంచెం పెద్దగా పోస్తే ఫరవాలేదు. బాబాయికి అది నచ్చదు, పెద్ద అట్టు కావాలంటాడు. ఆయనకు రెండు గ్యాస్ మీద పోసి తెచ్చిన రోజులున్నాయి. అప్పడం కాల్చడం, వంకాయ కాల్చడం, పుల్కా పొంగించడం దీనివల్ల కాదు, మంట ఉండాల్సిందే. మంట లేదు కదా అని పిల్లల విషయంలో నిశ్చింతగా ఉండడానికీ లేదు. పెనం వేడికి కింది అద్దం చాలాసేపు కాలుతూనే ఉంటుంది. మా చిన్నాడు ఒకసారి వేలు పెట్టి చూశాడు.

కరెంటు సంగతి కూడా. పూర్తిగా పెంచితే 2,000 వాట్లు, అంటే మన 230 వోల్టుల మీద దాదాపు 9 యాంపియర్లు. మొదట్లో ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టాను, వారం తిరక్కుండా ప్లగ్ కంతలు నల్లబడ్డాయి. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి టేబుల్ పక్క గోడకు 16 యాంపియర్ల పాయింటు వేయించుకున్నాం. మా అపార్ట్‌మెంట్ జనరేటర్ ఫ్లాటుకు ఒక కిలోవాట్ మించి ఇవ్వదు. కరెంటు పోయిన పూట స్టవ్‌ను 800లో పెట్టి పోస్తే ఒక్కో అట్టుకు అందరూ కంచాలు ముందు పెట్టుకుని ఎదురుచూడాలి.

పోయిన ఏడాది మామయ్యగారికి పేస్‌మేకర్ పెట్టారు. నడుస్తున్న ఇండక్షన్ స్టవ్‌కు కనీసం రెండడుగుల దూరంలో ఉండాలని డాక్టరుగారు చెప్పారు. మా టేబుల్ ఆరుగురిది, ఆయన చివర కూర్చున్నా నాకు ధైర్యం చాలదు. ఆయన ఉన్న పది రోజులు స్టవ్ బీరువా మీదనుంచి దింపలేదు, వంటింట్లోనే పోశాను. మూడో రోజు ఆయనే కుర్చీ తెచ్చుకుని వంటింటి గుమ్మంలో వేసుకుని, కంచం ఒళ్ళో పెట్టుకుని, నాతో కబుర్లు చెప్తూ తిన్నారు.

హైదరాబాద్‌లో ఉన్న మా చెల్లెలు తనూ కొనుక్కోవాలా అని అడుగుతోంది. వాళ్ళ వంటిల్లు హాల్లోకి తెరిచే ఉంటుంది, పొయ్యి దగ్గర నిలబడే అందరి మొహాలూ చూస్తూ మాట్లాడుతుంది. తనకు అక్కర్లేదని చెప్పాను. మాలాగా తలుపున్న వంటిల్లు, నెలకు ఒకసారైనా చుట్టాలు, టేబుల్ పక్కన పెద్ద పాయింటు ఉన్నవాళ్ళయితే కొనుక్కోవచ్చు. నాదిప్పుడు పాడైతే మళ్ళీ ఇలాంటిదే కొంటాను, ఈసారి తీగచుట్ట పెద్దదా చిన్నదా చూసి. వచ్చే నెల పిన్ని వాళ్ళు వస్తున్నారు. బాబాయి ఫోన్‌లో ముందే చెప్పాడు, తనకు అట్లు గ్యాస్ మీదే పోయాలని.