పిల్లలకు కుట్లు పడాల్సి వస్తే: వరంగల్‌లో ఎమర్జెన్సీ సేవను ఎట్లా తూచాలి

మంచం కోడు తగిలి నుదురు చిట్లడం, గడప మీద బోర్లా పడి గదవ పగలడం, బాత్‌రూంలో జారి కనుబొమ్మ తెగడం. చిన్నపిల్లలను కుట్ల కోసం దవాఖానకు ఎత్తుకెళ్లేది ఎక్కువగా ఇట్లాంటి వాటికే. వరంగల్, హనుమకొండ, కాజీపేటలో అప్పుడు ముందుండే దారులు మూడు: గల్లీలో ఉండే ఆర్‌ఎంపీ, రాత్రి కూడా తెరిచుండే ప్రైవేటు దవాఖాన, సర్కారు దవాఖాన అయిన ఎంజీఎం క్యాజువాలిటీ. ఎంత తొందరగా అయిపోయింది, ఎన్ని కుట్లు వేశారు అన్నదాన్ని బట్టి సేవ మంచిచెడ్డలు చెప్పడం అలవాటైపోయింది. మేము చూసేది అది కాదు. కుట్టు సూది పట్టకముందు గాయాన్ని ఎట్లా కడిగారు, మొద్దుబారేదాకా ఆగారా, పిల్లను ఎట్లా పట్టుకున్నారు అన్నవే అసలు కొలతలు.

ఇంటి దగ్గర చేయాల్సింది ఒక్కటే. శుభ్రమైన బట్ట మడతపెట్టి గాయం మీద 10 నిమిషాలు గట్టిగా అదమాలి, మధ్యలో ఎత్తి చూడకూడదు. ఎత్తిన ప్రతిసారీ గడ్డకట్టిన రక్తం ఊడి మళ్లీ మొదటికి వస్తుంది. పసుపు, కాఫీ పొడి, చక్కెర, సున్నం ఏదీ అద్దవద్దు. దవాఖానలో అదంతా గీకి కడగాల్సి వస్తుంది, ఆ నొప్పి కుట్టు నొప్పి కంటే ఎక్కువ. గాయం అంచులు విడిపోయి నోరు తెరిచినట్టున్నా, లోపల పసుపు రంగు కొవ్వు కనిపించినా, 10 నిమిషాలు అదిమినా రక్తం ఆగకపోయినా బయల్దేరాలి. ఆరేడు గంటల్లో చేరితే మేలు. ముఖం, తల మీద రక్తప్రసరణ ఎక్కువ కాబట్టి శుభ్రమైన గాయమైతే 24 గంటల వరకూ కుట్టే వీలుంటుంది. అందుకే పరకాల, నర్సంపేట, ములుగు వైపు నుంచి వచ్చేవాళ్లు బండి మీద వేగంగా తోలాల్సిన పని లేదు.

కుట్ల పనికి ఆర్‌ఎంపీని మేము సిఫారసు చేయం. మత్తు లేకుండా "రెండే కుట్లు, పట్టుకోండి" అని ఎవరన్నా అంటే పిల్లను ఎత్తుకుని బయటికి రావాలి.

ప్రైవేటు దవాఖానకైతే ముందే ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడగండి. పిల్లలకు కుట్లు వేసే డాక్టరు ఇప్పుడు ఉన్నారా, పిలిస్తే వస్తారా? ముఖానికి వాడే 5-0, 6-0 సన్న దారం ఉందా? నిద్రమత్తు ఇవ్వాల్సి వస్తే మత్తు డాక్టరు ఉంటారా? ఖర్చు కూడా అప్పుడే విడివిడిగా చెప్పించుకోండి, ఎందుకంటే ఆపరేషన్ థియేటర్‌లో కుడితే ఆ చార్జీ వేరే పడుతుంది. ఎంజీఎం కాకతీయ మెడికల్ కాలేజీ బోధనాసుపత్రి. రాత్రీ పగలూ వైద్యం ఉచితమే, సర్జరీ, ఎముకలు, పిల్లల వైద్యం విభాగాలన్నీ అక్కడే. ఏ పెద్ద క్యాజువాలిటీలోనైనా ప్రాణం మీదికి వచ్చిన కేసే ముందు, గదవ తెగిన పిల్ల తర్వాత. దాన్ని లోపంగా లెక్కించకూడదు. అదుముతూ కూర్చుంటే ఆలస్యంతో నష్టం లేదు.

తలకు దెబ్బ తగిలాక పదేపదే వాంతులు, స్పృహ తప్పడం, ఫిట్స్, లేపినా లేవనంత మత్తు, ముక్కు చెవుల నుంచి నీళ్లలాంటి ద్రవం కనిపిస్తే మాత్రం కుట్ల సంగతి పక్కనపెట్టి 108కి ఫోన్ చేయాలి. రోడ్డు ప్రమాదమైతే దవాఖాన వాళ్లు మెడికో లీగల్ కేసుగా, అంటే పోలీసులకు తెలిపే కేసుగా రాస్తారు, భయపడక్కర్లేదు. పోలీసులు వచ్చేదాకా వైద్యం ఆపకూడదని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది.

ఇక గది లోపల. గాయాన్ని సెలైన్‌తో 20 మిల్లీలీటర్ల సిరంజి పెట్టి ధారగా కడగాలి. ఒక్కో సెంటీమీటరు గాయానికి 50 నుంచి 100 మిల్లీలీటర్లు పట్టాలి. దూదితో రెండుసార్లు తుడిచి బీటాడిన్ పూస్తే అది కడగడం కాదు, మట్టి రేణువు లోపలే ఉండి చీము పడుతుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ గాయం లోపల పోయనివ్వవద్దు, మంచి కణజాలాన్నీ కాలుస్తుంది. కనుబొమ్మ గీకనివ్వవద్దు.

మొద్దుబార్చే లిగ్నోకైన్ 2 శాతం మందులో మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు ఉంటుంది. పరిమితి కిలోకు సుమారు 4.5 మిల్లీగ్రాములు. అంటే 10 కిలోల పిల్లకు రెండు మిల్లీలీటర్లు దాటితే అంచుకు వచ్చినట్టే. అందుకే బరువు తూచకుండా మందు ఎక్కించే చోటు మాకు నచ్చదు. సన్న సూదితో, గాయం అంచు లోపలి నుంచి, మెల్లగా ఎక్కిస్తే మంట చాలా తగ్గుతుంది. ఎక్కించాక కొన్ని నిమిషాలు ఆగి, గిల్లి చూసి కుట్టాలి. చాలాచోట్ల పిల్లలు ఏడ్చేది ఇట్లా ఆగకపోవడం వల్లే.

నలుగురు కాళ్లూ చేతులూ పట్టుకుని పడుకోబెట్టడం కంటే, దుప్పటిలో చేతులు లోపలికి చుట్టి అమ్మ ఒడిలో పెట్టడం మేలు. ఫోన్‌లో పాట పెట్టండి. "నొప్పి ఉండదు" అని అబద్ధం చెప్పవద్దు, మొదటి సూదికే నమ్మకం పోతుంది. నిద్రమత్తు అవసరమైతే వేలికి ఆక్సిజన్ చూపే మిషను, పక్కన ఆక్సిజన్, కుట్టే డాక్టరు కాకుండా పిల్లనే చూస్తుండే ఇంకొకరు ఉండాలి. నిద్రమత్తుకు కడుపు ఖాళీగా ఉండాలి, అందుకే దారిలో బిస్కెట్లు, పాలు పెట్టవద్దు.

అన్నిటికీ కుట్లే అక్కర్లేదు. లాగుడు లేని, అంచులు సరిగ్గా కలిసే చిన్న గాయానికి చర్మపు గమ్ము చాలు. దాని మీద ఆయింట్‌మెంట్ రాస్తే మాత్రం ఊడిపోతుంది. పెదవి అంచు గీత తెగితే గమ్ము వద్దు. అక్కడ ఒక్క మిల్లీమీటరు తేడా వచ్చినా జీవితాంతం కనిపిస్తుంది కాబట్టి ప్లాస్టిక్ సర్జన్‌ను అడగడం న్యాయం. కుక్కకాటు దారి వేరు: సబ్బు పెట్టి పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడగాలి, రేబిస్ టీకా, గాయంలో ఇమ్యూనోగ్లోబులిన్ (రేబిస్‌ను వెంటనే అడ్డుకునే మందు) ముందు. వెంటనే కుట్టేస్తామంటే ఆపి అడగండి.

టీకాల కార్డు వెంట ఉంచుకోండి, డీపీటీ బూస్టర్లు సమయానికి పడి ఉంటే ప్రతి గీతకూ టీటీ అక్కర్లేదు. శుభ్రమైన చిన్న గాయానికి యాంటీబయాటిక్ కూడా అక్కర్లేదు. నొప్పికి పారాసిటమాల్ కిలోకు 15 మిల్లీగ్రాములు. సిరప్ సీసా చూసి పోయండి: 5 మిల్లీలీటర్లలో 120 మిల్లీగ్రాములు ఉన్నదైతే 10 కిలోల పిల్లకు 6 మిల్లీలీటర్లు, 250 ఉన్నదైతే 3 మిల్లీలీటర్లే.

ఒకరోజు తడి తగలనివ్వవద్దు, తర్వాత నీళ్లు పోసి మెల్లగా అద్ది తుడవచ్చు. ముఖం మీది కుట్లు 5 రోజులకు, తల మీదివి 7 నుంచి 10, కాళ్లవి 10 నుంచి 14 రోజులకు తీయించాలి. ముఖం మీదివి ఎక్కువ రోజులు ఉంచితే అడ్డగీతలు పడతాయి. బయటికి వచ్చేముందు చీటీ మీద ఆ తేదీ, అది కరిగే దారమా తీసే దారమా అన్నది రాయించుకోండి.