బూజు విషాన్ని పట్టిస్తుందని కొన్న యూవీ టార్చ్: నాలుగు నెలలు వాడాక నా అభిప్రాయం

మా నాన్నగారికి హెపటైటిస్ బి ఉంది. సాయంత్రం అయ్యేసరికి గుప్పెడు వేయించిన పల్లీలు తినడం ఆయనకు ఎప్పటినుంచో అలవాటు. మొన్నామధ్య చెకప్‌కి వెళ్లినప్పుడు డాక్టర్‌గారు, "పల్లీలు తినండి, కానీ బూజు పట్టినవి, ముక్కిన వాసన వచ్చేవి నోట్లో పెట్టుకోకండి" అని గట్టిగా చెప్పారు. పల్లీల మీద, మొక్కజొన్న మీద ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు పెరుగుతుంది. అది అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. ఆ విషం లివర్ క్యాన్సర్ తెస్తుందని రుజువైంది. హెపటైటిస్ బి కూడా తోడైతే ఆ ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఇదంతా విన్నాక నాకు ఒకటే టెన్షన్. ఆ టెన్షన్‌లోనే ఆన్‌లైన్‌లో ఈ టార్చ్ కొన్నాను.

చేతిలో ఇమిడే నల్లటి టార్చ్. దాంట్లోంచి వచ్చేది యూవీ, అంటే అతినీలలోహిత కాంతి; దాని తరంగదైర్ఘ్యం 365 నానోమీటర్లని టార్చ్ మీద రాసి ఉంది. "గింజల మీద వేయండి, విషం ఉంటే మెరుస్తుంది, లేకపోతే నిశ్చింతగా తినండి" అన్నది ప్రకటన సారాంశం. కట్టుదిట్టంగా ఉంది, ఛార్జింగ్ బాగా నిలుస్తుంది. వస్తువుగా దానికి వంక పెట్టడానికి లేదు. నా గొడవంతా ఆ "నిశ్చింతగా" అన్న మాటతోనే.

మొదటి రాత్రి బాత్రూమ్‌లో లైటు ఆపేసి, తెల్ల పళ్లెంలో పల్లీలు పరిచి టార్చ్ వేశాను. గుండె ఆగినంత పనైంది. సగం గింజలు నీలంగా, తెల్లగా మెరుస్తున్నాయి! తర్వాత చూస్తే పళ్లెం అంచున అంటుకున్న దారప్పోగు మెరుస్తోంది, పక్కనున్న టిష్యూ పేపర్ మెరుస్తోంది, ఉతికిన నా చొక్కా అయితే అన్నిటికన్నా ఎక్కువగా వెలిగిపోతోంది. సబ్బు పొడిలో తెల్లదనం కోసం కలిపే రసాయనం ఆ కాంతికి అలాగే మెరుస్తుంది. పల్లీ గింజకు కూడా సహజంగా కొంత మెరుపు ఉంటుంది. ఏది విషమో, ఏది గింజో చెప్పడం నావల్ల కాలేదు.

అమ్మేవాళ్లు చెప్పేది పూర్తిగా అబద్ధమూ కాదు. అఫ్లాటాక్సిన్‌లో బి, జి అనే రకాలకు ఆ పేర్లు వచ్చిందే యూవీ కాంతిలో అవి నీలంగా (బ్లూ), ఆకుపచ్చగా (గ్రీన్) మెరుస్తాయి కాబట్టి. కానీ ఆ మెరుపు కనబడేది ల్యాబ్‌లో, గింజలోంచి విషాన్ని వేరుచేశాక. మొక్కజొన్న గింజల మీద కనబడే ఆకుపచ్చ కలిసిన పసుపు మెరుపైతే అఫ్లాటాక్సిన్‌ది కూడా కాదు, ఆ బూజే తయారుచేసే కోజిక్ ఆమ్లం వల్ల వచ్చేది. బూజు ఉండవచ్చని అనుమానించడానికి అది పనికొస్తుంది కానీ విషం ఎంత ఉందో చెప్పదు. అసలు ఇక్కడ మాట్లాడుకునే మోతాదులెంతో చూడండి. పల్లీలకు చాలా చోట్ల పెట్టిన హద్దు కిలోకు 15 మైక్రోగ్రాములు. ఒక ఉప్పు రేణువు కన్నా తక్కువ బరువు, అదీ కిలో గింజల్లో. దాన్ని టార్చ్ వేసి కంటితో చూస్తామా?

ఊరికే అనుమానపడటం ఎందుకని అసలు పరీక్షే చేయించాను. ఐదు కిలోల సంచి తెరిచి, ముడతలు పడినవి, రంగు మారినవి, విరిగినవి, పురుగు తొలిచినవి చేత్తో ఏరి ఒక కవరులో వేశాను. మంచివి ఇంకో కవరులో. టార్చ్ కింద రెండూ ఒకేలా మెరిశాయి. రెండిటినీ ల్యాబ్‌కి పంపాను. మంచివాటిలో పరికరానికి అందేంత విషం లేదని రిపోర్ట్ వచ్చింది. ఏరినవాటిలో కిలోకు 38 మైక్రోగ్రాములు. ఆ కాగితం చూసి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. టార్చ్ ఒక్కదాన్నే నమ్ముకుని ఉంటే ఏ కవరు నాన్నగారి గిన్నెలోకి వెళ్లాలో, ఏది చెత్తలోకి వెళ్లాలో తేలేది కాదు.

ఆ ల్యాబ్ సర్వీసు గురించి మాత్రం మంచి మాట చెప్పాలి. ఫోన్ తీసినామె పది గింజలు పంపితే లాభం లేదని ముందే హెచ్చరించారు. విషం సంచి అంతటా సమానంగా ఉండదట. వేల గింజల్లో ఏ ఒకటి రెండింటిలోనో గుట్టగా ఉంటుందట. అందుకే పంపినదంతా పిండి చేసి, బాగా కలిపి, అందులోంచి తీసి పరీక్షిస్తామన్నారు. రిపోర్ట్‌కి వారం పట్టింది, అదొక్కటే ఇబ్బంది.

టార్చ్ విషయంలో నాకు బాగా కోపం తెప్పించింది ఇంకొకటుంది. ఆ కాంతి కళ్లలో పడకూడదు, అద్దాలు పెట్టుకోవాలి అన్న ఒక్క ముక్క కూడా డబ్బా మీద లేదు. చిన్నపిల్లలున్న ఇంట్లో ఇది చాలా ప్రమాదం. కంపెనీకి రాస్తే, "మీరు సరిగ్గా వాడలేదు" అని జవాబు.

వేయిస్తే పోతుందిలే అనుకునేవాళ్లు కూడా ఉన్నారు. వేయిస్తే కొంత తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు. ఉడికిస్తే అంతకన్నా తక్కువే తగ్గుతుంది. పొడి చేశాక, ముద్ద చేశాక ఏరే అవకాశమూ ఉండదు. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోతే, చివరికి కారణం మేతలో కలిపిన పల్లీ పిండి అని తేలింది. మనుషుల విషయానికొస్తే, 2004లో కెన్యాలో తడి ఆరకుండా నిల్వచేసిన మొక్కజొన్న తిని 317 మంది జబ్బుపడ్డారు, 125 మంది చనిపోయారు. అందుకే పల్లీ ముద్ద కొనడం మానేసి, గింజలు కొని, ఏరి, ఇంట్లోనే చేస్తున్నాను. కొద్దికొద్దిగా తెచ్చుకుని, గాలి చొరబడని డబ్బాలో, చల్లటి చోట పెడుతున్నాను. గింజ పొడిగా ఉన్నంతకాలం బూజు పెరగలేదు.

టార్చ్‌కి ఒక్క స్టార్, అది కూడా బ్యాటరీకి. ల్యాబ్‌కి నాలుగు.

ఇప్పుడు ఏరే పని నాన్నగారే తీసుకున్నారు. పొద్దున్నే కిటికీ పక్కన కళ్లజోడు పెట్టుకుని కూర్చుని ఒక్కో గింజా తిప్పి చూస్తారు. నమిలినప్పుడు చేదు తగిలితే మింగకుండా ఉమ్మేసి, నోరు పుక్కిలించి వస్తారు. ఏరేసినవి పశువులకు కూడా వేయనివ్వరు. ఆవు తింటే ఆ విషం రూపం మారి పాలలోకి వస్తుందని నేను చెప్పినప్పటినుంచి, ఆ కవరు మూతి తనే గట్టిగా ముడివేసి చెత్తబుట్టలో పడేస్తున్నారు.