హనుమకొండ నుంచి అండమాన్ ప్యాకేజీ: పక్షుల కోసం పోయేవాళ్లు చదవండి

హనుమకొండలో ఒక ట్రావెల్స్ వాళ్ల దగ్గర ఫ్యామిలీతో అండమాన్ ప్యాకేజీ తీసుకున్నాం. వరంగల్ నుంచి చెన్నైకి రైలు, అక్కడి నుంచి ఫ్లైట్, అంతా టైముకే. హోటల్, తిండి పర్లేదు.

ప్లానింగే దండగ. కాగితంలో 'అండమాన్ నికోబార్' అని పెద్దగా వేస్తారు గానీ నికోబార్‌కు మామూలు టూరిస్టులను పోనివ్వరు. ఆకులు, మట్టి గుట్టగా పోసి అందులో గుడ్లు పెట్టి, పొదగకుండా ఆ వేడికే వదిలేసే నికోబార్ మెగాపోడ్ పక్షిని చూపిస్తారేమోనని మా బాబు ఎంత ఆశపడ్డాడో! వండూర్‌లో 1983లో ఏర్పాటైన మహాత్మాగాంధీ మెరైన్ నేషనల్ పార్క్‌కు సోమవారం సెలవు, వీళ్లు సరిగ్గా సోమవారమే పెట్టారు. పగడపు దిబ్బలు చూసే ఛాన్స్ పోయింది, అడిగితే షాపింగ్ చేసుకోండి అన్నారు.

పైసలు వసూలైంది మాత్రం పక్షులకు పేరున్న చిడియా టాపులోనే. అందరినీ సాయంత్రం సన్‌సెట్‌కు తీసుకెళ్తారు, కానీ అక్కడి డ్రైవరన్న మస్తు పక్షుల పిచ్చోడు, మమ్మల్ని తెల్లవారకముందే లేపి తీసుకుపోయాడు. ఒళ్లంతా నలుపు, నెత్తి మీద ఎర్ర జుట్టు, అండమాన్ వడ్రంగిపిట్ట! మా వరంగల్ దగ్గరి పాకాల అడవిలో ఎన్ని పిట్టలు చూసినా ఇది కనబడదు, ఎందుకంటే అండమాన్ దీవుల్లో తప్ప ప్రపంచంలో ఎక్కడా లేదు. నార్కొండం హార్న్‌బిల్ అనే పెద్ద ముక్కు పక్షి అయితే ఇంకా విచిత్రం, దాదాపు 7 చదరపు కిలోమీటర్ల ఒకే ఒక్క దీవిలో బతుకుతుందట, అక్కడికి మనం పోలేం.

ఈ ప్యాకేజీకి నా రేటింగ్ ఐదుకు రెండున్నర. బుక్ చేసేవాళ్లు చిడియా టాపు పొద్దున పూట, వండూర్ సోమవారం కాకుండా అని రాయించుకున్నాకే అడ్వాన్స్ కట్టండి.