గండికోటా? బెలుం గుహలా?
కడప నుంచి పొద్దున వెళ్లి రాత్రికి ఇల్లు చేరాలంటే నా ఓటు గండికోటకే. ఎర్రమల కొండలను పెన్నా చీల్చిన లోయ అంచున బండల మీద కూర్చుంటే, సాయంత్రపు ఎండకు ఎర్రరాయి ఇంకా ఎర్రబడుతుంది. పిల్లల చెయ్యి మాత్రం వదలకూడదు. మాధవరాయ ఆలయం, జామా మసీదు, ధాన్యాగారం అన్నీ కోటలోనే ఉన్నాయి. మిట్టమధ్యాహ్నం వెళ్తే మాడిపోతారు, నీడ తక్కువ.

బెలుం గుహల్లో ఎండ బాధ లేదు. 3,229 మీటర్ల పొడవులో దాదాపు కిలోమీటరున్నర తిరిగి చూడవచ్చు. చల్లగా ఉంటుందని ఆశపడకండి. లోపల ఉక్కపోత, గుహలో అన్నిటికన్నా లోతైన చోటు పాతాళగంగ చేరేసరికి చొక్కా ఒంటికి అతుక్కుంటుంది. నీళ్లు తొలిచిన సున్నపురాయి గోడల నునుపు చూశాక ఆ చెమట గుర్తుండదనుకోండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వెంట ఉంటే మాత్రం గుహల్లోకి దిగే మెట్ల జోలికి పోవద్దు.