టెస్ట్‌ఫ్లైట్, ఫైర్‌బేస్, ప్లే కన్సోల్: మా మెస్ యాప్‌కి ఏది పనికొచ్చింది?

బెంగళూరు మారతహళ్లిలో తెలుగువాళ్లు నడిపే పీజీలు, మెస్‌ల కోసం మేం ఒక యాప్ చేస్తున్నాం. రాత్రి భోజనానికి ఎంతమంది వస్తారో సాయంత్రానికల్లా వంటింటికి తెలియాలి, దాని పని అంతే. విడుదలకు ముందే దాన్ని వాడి చూసే టెస్టర్లలో ఇంజనీర్లు తక్కువ. వంట మధ్యలో ఫోన్ చూసే అక్కలు, షిఫ్ట్ దిగి ఆకలితో వచ్చే కుర్రాళ్లే ఎక్కువ. అందుకే యాప్‌ని టెస్టర్లకు చేర్చే ఏ టూల్‌నైనా నేను వాళ్ల వైపు నుంచే చూస్తాను.

ఐఫోన్‌కైతే ఆపిల్ వాళ్ల టెస్ట్‌ఫ్లైట్, రెండో మాట లేదు. పబ్లిక్ లింక్ వాట్సాప్‌లో పెడితే చాలు. బయటి టెస్టర్లను 10,000 మంది దాకా చేర్చుకోవచ్చు. వాళ్లకిచ్చే మొదటి బిల్డ్‌ని (టెస్ట్‌కి తయారుచేసిన యాప్ కాపీని) ఆపిల్ రివ్యూ చేస్తుంది, ఏ బిల్డ్ అయినా 90 రోజులకు చెల్లిపోతుంది. నాకు బాగా నచ్చింది మాత్రం స్క్రీన్‌షాట్ ఫీడ్‌బ్యాక్. అక్షరాల సైజు పెంచుకుని వాడే ఒక అబ్బాయి మెనూ స్క్రీన్‌షాట్ తీసి అక్కడి నుంచే పంపాడు. 'ముద్దపప్పు' కింద వత్తులన్నీ సగానికి తెగిపోయాయి! దాంతోపాటే ఫోన్ మోడల్, ఐఓఎస్ వెర్షన్ కూడా వచ్చేశాయి. లైన్ ఎత్తు ఇంగ్లీషుకు సరిపోయి మన వత్తులకు చాలలేదని చూడగానే తెలిసింది. అదే ఫోన్ చేసి "అన్నా, పేరు సరిగ్గా రావట్లేదు" అని ఉంటే ఎప్పటికి తేలేది?

ఆండ్రాయిడ్‌లో గూగుల్ వాళ్ల ఫైర్‌బేస్ యాప్ డిస్ట్రిబ్యూషన్ మా టీమ్ వరకు హాయి. ఉచితం, బిల్డ్ నిమిషాల్లో చేతికొస్తుంది. కానీ ప్లే స్టోర్ బయటి నుంచి ఏపీకే (ఆండ్రాయిడ్ యాప్ ఫైల్) ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఫోన్ అడిగే అనుమతి చూసి మెస్ అక్క "బాబూ, బ్యాంకు డబ్బులకేం కాదు కదా?" అంది. ఆమె భయం న్యాయమే. అలాంటివాళ్లకు ప్లే కన్సోల్ (ప్లే స్టోర్‌లో యాప్‌లు పెట్టేవాళ్లు వాడేది) ఇంటర్నల్ టెస్టింగ్ మేలు. యాప్ ప్లే స్టోర్ నుంచే దిగుతుంది, 100 మంది దాకా ఇవ్వొచ్చు.

ఒక్క విషయం ముందే చూసుకోండి. 2023 నవంబర్ 13 తర్వాత తెరిచిన పర్సనల్ ప్లే కన్సోల్ అకౌంట్ అయితే, యాప్ అందరికీ విడుదల చేయడానికి ముందు క్లోజ్డ్ టెస్ట్‌లో (ప్లే కన్సోల్‌లోనే ఎంచుకున్నవాళ్లకు ఇచ్చే మరో రకం టెస్ట్) కనీసం 12 మంది వరుసగా 14 రోజులు ఉండాలి. ఇంటర్నల్ టెస్ట్ ఈ లెక్కలోకి రాదు. నెలాఖరులో పీజీలు ఖాళీ అవుతాయి కాబట్టి 12 మంది కంటే ఎక్కువమందినే చేర్చుకోండి.

కోడ్ దాచుకుని టీమ్‌గా పనిచేయడానికి గిట్‌హబ్, గిట్‌ల్యాబ్ రెండూ మంచివే. గిట్‌ల్యాబ్ ఉచిత ప్లాన్‌లో ప్రైవేట్ రిపోకి (బయటివాళ్లకు కనపడని కోడ్ ఖజానాకి) కూడా మెయిన్ బ్రాంచ్‌ని, అంటే అసలు కోడ్‌ని, ఎవరూ నేరుగా ముట్టుకోకుండా కాపాడుకోవచ్చు. గిట్‌హబ్‌లో దానికి డబ్బు కట్టాలి. అయితే గిట్‌ల్యాబ్‌లో ఉచిత ప్రైవేట్ గ్రూప్‌కి ఐదుగురే పరిమితి, గిట్‌హబ్‌లో ఆ లెక్క లేదు. మాకు విజయవాడ నుంచి ఇంటర్న్‌లు వచ్చిపోతుంటారు, అందుకే గిట్‌హబ్‌లోనే ఉన్నాం. టెస్టర్ పంపిన ప్రతి స్క్రీన్‌షాట్ నేరుగా ఇష్యూలోకి (సమస్య రాసిపెట్టే చీటీలోకి) ఎక్కుతుంది, దాన్ని సరిచేసిన పుల్ రిక్వెస్ట్ (కోడ్ మార్పు) మెర్జ్ కాగానే, అంటే అసలు కోడ్‌లో కలవగానే, ఆ ఇష్యూ మూసుకుంటుంది.