ఎమర్జెన్సీ లైటు: ఇంటికి ఏది మేలు, కారుకి ఏది మేలు?

కరెంటు పోవడంలో రెండు రకాలున్నాయి. ఈదురుగాలికి ఫీడరు (మన ఏరియాకి కరెంటు తెచ్చే లైను) ట్రిప్పయి గంటలో వచ్చేసేది ఒకటి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను విశాఖ మీద పడ్డప్పటిలా స్తంభాలే ఒరిగిపోయి రోజుల తరబడి రానిది రెండోది. షాపుకెళ్లి "మంచి ఎమర్జెన్సీ లైటు చూపించండి" అంటే వాళ్లు చూపించేది ఎక్కువగా మొదటి రకానికి సరిపోయేదే. కారులో ఉంచుకోవాల్సింది మళ్లీ వేరు. ఒకటే కొని అన్నిటికీ వాడేద్దామంటే కుదరదు.

ఇన్వర్టర్ ఉన్నవాళ్లు "మాకివన్నీ ఎందుకండీ" అంటారు. నిజమే, రెండు మూడు గంటల కోతకి దాన్ని మించింది లేదు, ఫ్యాను కూడా తిరుగుతుంది. కానీ ఆ బ్యాటరీ ఉండేది మెట్ల కిందో మూలనో, నేల మీద. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్ నగర్‌లోకి వచ్చిన నీళ్లు గుర్తున్నాయి కదా, నడుము లోతు నీళ్లున్న ఇంట్లో నేల మీది బ్యాటరీ ఏం వెలిగిస్తుంది? ఇన్వర్టర్ ఉన్నా చేతిలోకి తీసుకునే లైటు ఒకటి ఉండాల్సిందే.

చిన్న కోతలకి నా ఓటు రీఛార్జబుల్ బల్బుకే, షాపుల్లో ఇన్వర్టర్ బల్బు అని కూడా అంటారు. మామూలు హోల్డర్‌లోనే పెట్టేయొచ్చు, కరెంటు పోగానే లోపలి లిథియం బ్యాటరీతో దానంతటదే వెలుగుతుంది. చేత్తో పట్టుకుని అడుగున ఉన్న రెండు పాయింట్లకీ వేళ్లు తగిలిస్తే చాలు, వెలుగుతుంది, పిల్లలకి అదో సరదా. అయితే స్విచ్ వేసి ఉన్నంతసేపే ఇది ఛార్జ్ అవుతుంది. ఎప్పుడో గానీ లైటు వేయని స్టోర్ రూములో పెడితే అవసరానికి ఖాళీగా ఉంటుంది, రోజూ సాయంత్రం వెలిగే వంటింట్లో పెట్టండి. ఇన్వర్టర్ లైను మీద పెట్టడం దండగ, అక్కడ ఎలాగూ కరెంటు ఉంటుంది. 9 వాట్లది కొన్నా బ్యాటరీ మీద అంత వెలుతురు రాదు, కూర తాలింపు పెట్టుకోవడానికి మాత్రం సరిపోతుంది.

హ్యాండిల్ పట్టుకుని గదిగదికీ తీసుకెళ్లే పెద్ద ఎమర్జెన్సీ లైటు కొనేటప్పుడు లోపలున్నది 4 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీయా, లిథియమా అని అడగండి. లెడ్ యాసిడ్ చవకే గానీ, ఖాళీ అయ్యాక అలాగే అటక మీద పెట్టేసి ఆరు నెలల తర్వాత ప్లగ్గులో పెడితే ఛార్జ్ ఎక్కదు, లోపల ప్లేట్లు పాడైపోతాయి. లిథియంది కాస్త ఎక్కువైనా ఛార్జ్ నెలల తరబడి నిలుస్తుంది. ఏదైనా సరే, రెండు మూడు నెలలకోసారి ఛార్జ్ పెట్టకుండా ఉండేవాళ్లయితే కొనకపోవడమే మంచిది.

తుఫాను రోజులకి మాత్రం పాత పద్ధతే గెలుస్తుంది: సెల్స్ వేసే ఎల్‌ఈడీ టార్చి, పక్కన విప్పని ప్యాకెట్‌లో ఆల్కలైన్ సెల్స్. మంచివాటి మీద పదేళ్ల దాకా తేదీ ఉంటుంది, కొనగానే చూసుకోండి. గోడ గడియారంలో వేసే చవక సెల్స్ టార్చిలో నెలల తరబడి వదిలేయకండి, కారతాయి. ఆల్కలైన్ కూడా కారొచ్చు, అప్పుడు స్ప్రింగు చుట్టూ తెల్లటి పొడి పేరుకుంటుంది, ఇయర్ బడ్‌కి నిమ్మరసం రాసి తుడిచి బాగా ఆరబెడితే చాలాసార్లు మళ్లీ పనిచేస్తుంది. టార్చిని స్టీలు గ్లాసులో నిలబెట్టి తెల్ల సీలింగు వైపు వెలుగు పడేలా చేస్తే గదంతా మెత్తటి వెలుతురు వస్తుంది, కళ్లకి గుచ్చుకోదు, పైగా తక్కువ మోడ్‌లోనే సరిపోతుంది కాబట్టి సెల్స్ ఎక్కువ రాత్రులు వస్తాయి.

కొవ్వొత్తి వద్దు. గ్యాస్ వాసన వచ్చినప్పుడు అసలే వద్దు. ఫోన్ ఫ్లాష్ కూడా దాచుకోండి, ఛార్జింగ్ లేని రోజున ఫోన్ ఉండాల్సింది కాల్స్ కోసం.

ఇక కారు. ఇంట్లో గెలిచిన రీఛార్జబుల్ లైటు ఇక్కడ ఓడిపోతుంది. మే నెలలో ఎండలో నిలిపిన బండి లోపల వేడి 60 డిగ్రీలు దాటొచ్చు, డాష్‌బోర్డు మీద ఇంకా ఎక్కువ. లిథియం అయాన్ బ్యాటరీ ఆ వేడికి త్వరగా ముసలిదవుతుంది, ఉబ్బడం కూడా జరుగుతుంది. 12 వోల్టుల సాకెట్‌లో పెట్టే లైట్లేమో కారు బ్యాటరీ డౌన్ అయిన రాత్రి, అంటే సరిగ్గా కావాల్సినప్పుడే, ఉపయోగపడవు. కాబట్టి నెత్తికి పట్టీతో కట్టుకునే, ట్రిపుల్ ఏ (AAA అని రాసి ఉండే సన్న) సెల్స్ వేసే హెడ్‌ల్యాంప్ కొనండి. పంక్చరైతే జాకీ ఎక్కడ ఆనించాలో వంగి చూడటానికి, బిగుసుకుపోయిన నట్లు రెండు చేతులా బలంగా తిప్పడానికి వీలవుతుంది, ఫోన్‌ని పళ్లతో పట్టుకునే బాధ తప్పుతుంది. సెల్స్ అందులో వేసి ఉంచొద్దు, కవర్లో కట్టి డిక్కీ అడుగున స్టెప్నీ దగ్గర పెట్టండి, అక్కడ ఎండ నేరుగా తగలదు. డబ్బు పెట్టగలిగితే ఛార్జ్ చేయలేని లిథియం సెల్స్ ఇంకా మేలు, వేడికి బాగా తట్టుకుంటాయి, కారడం చాలా అరుదు.

లైటుతో పాటు కొత్త కారుకి ఇచ్చే ఎర్ర త్రిభుజం కూడా బయటికి తీసి ఒకసారి విప్పి చూడండి, కొన్నిటి కాళ్లు మడత విప్పడం చీకట్లో చిరాకే. హైవే మీద బండి ఆగితే హజార్డ్ లైట్లు వేసి, పిల్లల్నీ పెద్దవాళ్లనీ రెయిలింగ్ అవతలికి పంపి, త్రిభుజాన్ని కనీసం 50 మీటర్లు వెనక పెట్టాలి. తలకి ల్యాంప్ ఉందని మర్చిపోయి ఎదురొచ్చే లారీ డ్రైవరు కళ్లలోకి నేరుగా కొట్టకండి, తల వంచి నడవండి.