నాన్నగారి స్మారక సంచికను అచ్చు వేసిన ప్రెస్సు

మా నాన్నగారి సంవత్సరీకానికి ఆయన జీవిత విశేషాలతో ఒక పుస్తకం తేవాలని అనుకొని, తిరుపతి పాత ఊళ్లోని ఒక చిన్న ఆఫ్‌సెట్ ప్రెస్సుకు ఆ పని అప్పగించాము. డెమ్మీ సైజులో 96 పేజీలు, 70 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) మ్యాప్‌లితో కాగితం, కుట్టు బైండింగు, 500 ప్రతులు. డీటీపీతో (కంప్యూటర్‌లో అక్షరాల కూర్పుతో) కలిపి ప్రతికి 92 రూపాయలు పడింది. ఆ ధరకు ఇంత శ్రద్ధ దొరుకుతుందని నేను అనుకోలేదు.

నాన్నగారు 1990లలో జిల్లాలోని ఒక చిన్న పట్టణానికి పురపాలక సంఘం చైర్మన్‌గా పనిచేశారు. మనవలు రాసిన ముందుమాటలో ఆయనను 'మేయర్' అన్నారు. ప్రూఫు దిద్దిన పెద్దాయన ఆ మాట కింద గీత గీసి, మేయర్ పదవి నగరపాలక సంస్థలకే ఉంటుందని, తిరుపతి 2007లో, చిత్తూరు 2012లో కార్పొరేషన్లు అయ్యాయని, అంతకు ముందు ఆ రెండు ఊళ్లకు సైతం చైర్మన్లే ఉండేవారని ఓపికగా వివరించారు. తనది కాని హోదాను ఒక్కనాడూ చెప్పుకోని మనిషి పుస్తకంలో ఆ తప్పు అచ్చయి ఉంటే మాకు తీరని బాధ మిగిలేది.

ప్రెస్సు వారు మొదట కూర్చిన వరుసలో సన్మానాలు, ప్రారంభోత్సవాల ఫొటోలు ముందు వచ్చాయి. మేము ఇంటి అధ్యాయాన్ని ముందుకు తెమ్మని కోరాము. ఎండాకాలంలో నీటి ట్యాంకర్ల గొడవలు తీర్చి రాత్రి పదింటికి ఇల్లు చేరినా, మంచాన పడిన మా నాయనమ్మకు తన చేత్తో అన్నం కలిపి తినిపించాకే ఆయన కంచం ముందు కూర్చునేవారు. నెలకొక శనివారం అలిపిరి నుంచి 3,550 మెట్లూ నడిచి ఎక్కి, పదవిలో ఉన్న రోజుల్లోనూ ఎవరి సిఫారసు లేఖా అడగకుండా, మమ్మల్ని వెంటబెట్టుకొని సర్వదర్శనం క్యూలో నిలబడేవారు. ఈ సంగతులు విన్నాక ప్రెస్సు యజమాని మారు మాట్లాడకుండా వరుస మార్చి, మూడు రోజుల్లో కొత్త ప్రూఫు ఇచ్చారు. అక్షరాల కింది వత్తులు జారిపోవడం వంటి దోషాలు రెండో ప్రూఫుకే దాదాపు పోయాయి.

ఒక్క విషయంలో మాత్రం నొచ్చుకున్నాము. నాన్నగారి డైరీలో మొదటి పేజీని రంగుల్లో వేయమని ఇచ్చాము. పైన 'శ్రీరామ' అని, నాలుగు మూలలా పసుపు, కుంకుమ; కింద ఆయన దస్తూరీలో వార్డు బోరు మరమ్మతు, అమ్మ మందులు, పెద్దపాప పరీక్ష ఫీజు, అన్నీ ఒకే వరుసలో. కంప్యూటర్ దగ్గర పనిచేసే అబ్బాయి ఆ పసుపును మరకలనుకొని స్కానులో పూర్తిగా చెరిపేశాడు. రంగుల పేజీలకు ప్రూఫు చూపకుండానే అచ్చుకు పంపినందువల్ల ఆ సంగతి చివరి దాకా మాకు తెలియలేదు. తప్పు ఒప్పుకొని ఆ నాలుగు పేజీలను తమ ఖర్చుతో మళ్లీ వేసి ఇచ్చారు గానీ, కట్టలు ఇంటికి చేరేసరికి కార్యక్రమానికి ముందు రోజు సాయంత్రమైంది.

బంధువులు అడిగినందున ఇంకో 200 ప్రతులు అక్కడే వేయిస్తున్నాము. ఈసారి రంగుల పేజీల ప్రూఫు మీద సంతకం చేశాకే అచ్చు వేయాలని ఆర్డరు కాగితంలో ముందే రాయించాను.